తొట్టిలో మల్బరీ రేవు: నీళ్లు పెరిగి తగ్గే మోడల్ ఎలా చేయాలి

సైన్స్ ఫెయిర్‌లో మల్బరీ హార్బర్ పెట్టాలనుకునే పిల్లల కోసం, వాళ్లతో కూర్చుని చేయించే టీచర్ల కోసం ఇది రాస్తున్నాను. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో, జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరం మీద బ్రిటిష్, అమెరికన్ సైన్యాలు దాడి చేసి దిగినప్పుడు, సామాను దించుకోవడానికి వెంట తెచ్చుకుని కట్టిన తాత్కాలిక రేవే మల్బరీ. కొల్లాపూర్ దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. మా పిల్లల్లో చాలామంది సముద్రం చూడలేదు. కానీ కృష్ణను చూశారు, సోమశిలలో పడవ ఎక్కారు. ఈ మోడల్ అర్థం కావడానికి అది చాలు.

థర్మాకోల్ షీటు మీద నీలం రంగు వేసి, పైన బొమ్మ ఓడలు అతికించిన మోడల్స్ ప్రతి ఏడాదీ వస్తాయి. అవి చూడటానికి బాగానే ఉంటాయి గానీ, మల్బరీని ఎందుకు కట్టాల్సి వచ్చిందో చెప్పవు. అసలు సంగతి నీటిమట్టంలో ఉంది. నార్మండీ తీరంలో పెద్ద పోటు రోజుల్లో నీళ్లు సుమారు 7 మీటర్లు పెరిగి, మళ్లీ అంతా దిగిపోతాయి. మీ మోడల్‌లో నీళ్లు పెరిగి తగ్గాలి, రేవు వాటితోపాటు లేచి దిగాలి. ఇది లేకపోతే మిగతాది ఎంత అందంగా చేసినా దండగ.

పిల్లలకు దీన్ని నేను సోమశిలతోనే మొదలుపెడతాను. శ్రీశైలం బ్యాక్‌వాటర్ నిండుగా ఉన్నప్పుడు పడవ ఊరి దగ్గరికే వస్తుంది. ఎండాకాలంలో, అవతలి ఒడ్డున నీళ్లలో మునిగి ఉండే సంగమేశ్వరం గుడి బయటపడేసరికి, పడవ ఆగే చోటు ఎక్కడికో కిందికి జరిగిపోతుంది. ఒండ్రు మీద నడిచిపోయి ఎక్కాలి. పడవ నడిపేవాళ్ల ఇంటి అమ్మాయి ఒకసారి క్లాసులో చెప్పింది: "నీళ్లు గుంజుకపోతే పడవ బురదల కూసుంటది సార్. మళ్ల లేవదు." ఇక్కడ నెలల మీద జరిగేది నార్మండీలో ఆరు గంటల్లో జరుగుతుంది. పడవలో మనుషుల బదులు ట్యాంకులు, లారీలు, మందుగుండు ఉన్నాయనుకోండి. అదీ 1944లో ఇంజనీర్ల ముందున్న లెక్క.

అప్పటికే ఉన్న రేవును పట్టుకోవచ్చు కదా అని పిల్లలు అడుగుతారు, జడ్జీలు కూడా అడుగుతారు. 1942 ఆగస్టు 19న ఫ్రాన్స్‌లోని డియెప్ రేవు మీద అదే ప్రయత్నం జరిగింది. సుమారు 5,000 మంది కెనడా సైనికులు వెళితే 900 మందికి పైగా చనిపోయారు, ఇంకా ఎందరో పట్టుబడ్డారు. రేవు దక్కలేదు. అంతకు కొన్ని నెలల ముందే, 1942 మే 30న, బ్రిటన్ ప్రధాని చర్చిల్ ఒక చీటీ రాశాడు. తీరంలో పెట్టే వంతెనలు నీటితోపాటు లేచి దిగాలి, లంగరు సమస్య తేల్చాలి, వాదనలతో పొద్దుపుచ్చవద్దు అని దాని సారాంశం. మోడల్ పక్కన పెట్టే చార్టులో ఈ రెండు సంగతులూ రాయండి. పెద్ద చరిత్ర పాఠం అక్కర్లేదు.

రేవు భాగాల పేర్లు పిల్లలు తొందరగానే పట్టేస్తారు. బయట అలలను ఆపే కాంక్రీటు పెట్టెలు ఫీనిక్స్. వాటికి తోడు కావాలని ముంచిన పాత ఓడల వరుస గూస్‌బెరీ. ఓడలు వచ్చి ఆగే, కాళ్లున్న ప్లాట్‌ఫాం స్పడ్. అక్కడి నుంచి ఒడ్డుకు వచ్చే తేలే రోడ్డు వేల్, దాన్ని మోసే చిన్న తేలుడు పెట్టెలు బీటిల్. ఇవన్నీ ఇంగ్లండ్, స్కాట్లండ్ వైపు తయారై, టగ్‌బోట్ల వెనక ఇంగ్లిష్ చానల్ దాటి వచ్చాయి. రెండు రేవులు కట్టారు. అమెరికన్ల కోసం ఒమాహా బీచ్‌లో మల్బరీ ఎ, బ్రిటిష్ వాళ్ల కోసం ఆరోమాంష్ దగ్గర మల్బరీ బి.

ఇక పనిలోకి. స్కేలు 1:200 పెట్టుకోండి. వేరే స్కేలు వద్దంటాను, ఎందుకంటే దీంట్లో లెక్కలన్నీ చేతికి అందే సైజులో వస్తాయి. పెద్ద ఫీనిక్స్ పొడవు సుమారు 60 మీటర్లు, ఎత్తు 18 మీటర్లు. మోడల్‌లో 30 సెంటీమీటర్లు, 9 సెంటీమీటర్లు. వేల్ రోడ్డులో ఒక్కో వంతెన ముక్క 80 అడుగులు, అంటే 24 మీటర్లు. మోడల్‌లో 12 సెంటీమీటర్లు, దాదాపు ఒక ఐస్‌క్రీం పుల్ల. 7 మీటర్ల పోటు మూడున్నర సెంటీమీటర్లు అవుతుంది. అసలు రోడ్డు మాత్రం చాలా పొడవు, కిలోమీటరు దాకా ఉంటుంది. దాన్ని స్కేలు ప్రకారం చేస్తే అయిదు మీటర్ల తొట్టి కావాలి. అయిదు ముక్కలతో సరిపెట్టుకుని, రోడ్డును కుదించామని చార్టులో రాసేయండి.

తొట్టిని నాలుగు అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ప్లైవుడ్‌తో చేయించి, లోపల మందం పాలిథిన్ షీటు పరవండి. అంచు ఎత్తు అరడుగు ఉండాలి. ఒక చివర నుంచి సగం దాకా ఇసుక ఏటవాలుగా పోయండి. చివర పది సెంటీమీటర్ల ఎత్తు, మధ్యకు వచ్చేసరికి సున్నా. మిగతా సగం అడుగున పలచగా ఇసుక ఉంటే చాలు. వాగు ఇసుకను రెండుసార్లు కడిగి వాడండి. లేకపోతే నీళ్లు మట్టిరంగు పట్టి, జడ్జీ వచ్చేసరికి లోపల ఏమీ కనపడదు.

ఆటు సమయంలో లోతు వైపు 5 సెంటీమీటర్ల నీళ్లు, పోటు సమయంలో ఎనిమిదిన్నర. ఈ తేడాకు ముప్పై లీటర్ల దాకా, అంటే పెద్ద బకెట్లు రెండు పడతాయి. తొట్టిని బల్ల మీద పెట్టి, రెండు బకెట్ల నీళ్లను దానికంటే ఎత్తున స్టూలు మీద పెట్టండి. తోటకు నీళ్లు పట్టే పైపుతో సైఫన్ చేస్తే, అంటే పైనున్న నీళ్లు పైపు గుండా వాటంతటవే కిందికి దిగేలా చేస్తే, పోటు వస్తుంది. ఖాళీ బకెట్లను నేల మీదికి దించి అదే పైపు తొట్టిలో పెడితే ఆటు. మోటారు అవసరం లేదు. సైఫన్ కూడా ఒక పాఠమే కాబట్టి మోటారు లేకపోవడమే మేలు. నీళ్లు దిగుతుంటే ఏటవాలు ఇసుక మీద నీటి అంచు దాదాపు ఒక జాన వెనక్కి పోతుంది. ఈ ఒక్కటి చూపిస్తే చాలు, ఓడ నేరుగా ఒడ్డుకు ఎందుకు రాలేదో ఎవరికైనా తెలిసిపోతుంది.

ఫీనిక్స్ మీద మాత్రం టైం పెట్టండి. దీన్ని సిమెంటుతోనే చేయాలి. కాంక్రీటు తేలుతుందని పిల్లలు నమ్మరు. వాళ్ల చేత్తో చేసిన సిమెంటు పెట్టె తేలినప్పుడు మొహాలు చూడాలి. తేలే వస్తువు తన బరువంత నీటిని పక్కకు నెడుతుందనే ఆర్కిమెడిస్ సూత్రం ఎన్నిసార్లు బోర్డు మీద రాసినా ఆ మొహాలు రావు.

థర్మాకోల్ దిమ్మెను కోసి లోపలి అచ్చు చేసుకోండి. 28.8 సెంటీమీటర్ల పొడవు, 7.8 వెడల్పు, 8 ఎత్తు. దానికి పల్చటి పాలిథిన్ చుట్టి, బోర్లించినట్టు పెట్టి, పైన దోమల జాలీ ముక్క బిగించండి. జల్లించిన సన్న ఇసుక రెండు పాళ్లు, సిమెంటు ఒక పాలు కలిపి, జాలీ లోపలికి దిగేలా వేళ్లతో నొక్కుతూ పూయాలి. పక్క గోడలు ఆరు మిల్లీమీటర్లు, అడుగు ఒక సెంటీమీటరు. అడుగు మందంగా ఎందుకంటే బరువు కింద ఉంటేనే పెట్టె నిలువుగా తేలుతుంది. గోడలూ అడుగూ ఒకే మందంలో చేస్తే పక్కకు ఒరగడానికి చూస్తుంది. మర్నాడు అచ్చు తీసేసి, తడి గోనెసంచి కప్పి వారం రోజులు క్యూరింగ్ చేయండి. ఇందులో తొందరపడితే సన్న పగుళ్లు వచ్చి నీళ్లు ఊరతాయి. ఊళ్లో మేస్త్రి ఎవరైనా ఉంటే ఒక గంట పిలవండి. పూత మందం సమానంగా రావడం ఎలాగో ఆయన చెయ్యి చూసి నేర్చుకోవాల్సిందే.

ఇప్పుడు తేలక ముందే లెక్క కట్టించండి. పెట్టె బరువు కాటా మీద పెడితే 1,300 గ్రాములకు అటూ ఇటూ వస్తుంది. అడుగు వైశాల్యం 30 ఇంటూ 9, 270 చదరపు సెంటీమీటర్లు. 1,300ను 270తో భాగిస్తే 4.8. అంటే పెట్టె సుమారు అయిదు సెంటీమీటర్లు మునిగి, నాలుగు సెంటీమీటర్లు పైన ఉండాలి. స్కెచ్ పెన్నుతో గోడ మీద గీత గీయించి, తర్వాత నీళ్లలో వదలండి. గీత దగ్గర నీళ్లు ఆగితే ఆ పిల్లలు ఇక ఆ సూత్రాన్ని మర్చిపోరు.

అసలు ఫీనిక్స్‌లలో పెద్దవి 6,000 టన్నుల దాకా ఉన్నాయి. బరువుకు స్కేలు మూడుసార్లు పనిచేస్తుంది: పొడవుకు, వెడల్పుకు, ఎత్తుకు. 200 ఇంటూ 200 ఇంటూ 200, అంటే 80 లక్షలు. 6,000 టన్నులు మోడల్‌లో 750 గ్రాములు కావాలి. మన పెట్టె అంతకంటే బరువే. సిమెంటు గోడను ఇంకా పల్చగా చేయడం చేత్తో కష్టం కాబట్టి ఈ తేడా ఉంటుందని పిల్లలే జడ్జీకి చెప్పాలి.

ముంచడానికి సెలైన్ పైపు వాడండి, కొత్తది మెడికల్ షాపులో దొరుకుతుంది. చిన్న చక్రం తిప్పితే ధార పెరిగి తగ్గే ఆ పైపుకంటే మంచి వాల్వు ఇంత తక్కువ ధరకు రాదు. పెట్టె గోడకు అడుగు నుంచి రెండు సెంటీమీటర్ల ఎత్తున రంధ్రం చేసి, పైపు దూర్చి, ఎం-సీల్‌తో మూసేయండి. లోపల పాత ప్లాస్టిక్ ఫైలు అట్టతో రెండు అడ్డగోడలు నిలబెట్టి, అడుగున చిన్న చిన్న రంధ్రాలు పెట్టండి. అడ్డగోడలు లేకపోతే లోపలికి వచ్చిన నీళ్లన్నీ ఒకవైపు పరుగెత్తి పెట్టెను పడేస్తాయి. అసలు ఫీనిక్స్‌లను కూడా లోపల గదులుగా విభజించారు.

సగం పోటు ఉన్నప్పుడు, అంటే నీళ్లు 7 సెంటీమీటర్లు ఉన్నప్పుడు, పెట్టెను దారంతో లాక్కొచ్చి దాని చోట నిలిపి చక్రం తిప్పండి. అర లీటరుకు కాస్త పైన నీళ్లు లోపలికి పోగానే మెల్లగా కూర్చుంటుంది. చక్రం అలాగే తెరిచి ఉంచండి, పోటుకు మళ్లీ లేవకుండా ఉంటుంది. తిరిగి తేల్చాలంటే చక్రం మూసి, పెద్ద సిరంజితో నీళ్లు తోడాలి. నిజంగా కూడా ఇదే తలనొప్పి అయింది. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, దాడి రోజు వచ్చేదాకా ఫీనిక్స్‌లను కొన్నిచోట్ల ముంచి దాచారు. వాటిని మళ్లీ పైకి లేపడానికి సరిపడా పంపుల కోసం చివరి వారాల్లో పెద్ద టెన్షన్ పడ్డారు. రెండు పెట్టెలు చాలు. మధ్యలో జానెడు కంటే తక్కువ సందు వదిలితే అదే ఓడలు వచ్చే దారి. పక్కన ఇసుక నింపిన ప్లాస్టిక్ పడవ ఒకటి ముంచితే గూస్‌బెరీ కూడా అయిపోతుంది.

స్పడ్ సులువు. ముప్పై ఇంటూ తొమ్మిది సైజులో సన్‌బోర్డ్ పెట్టె చేసి, నాలుగు మూలల్లో ఖాళీ పెన్ను గొట్టాలు నిలువుగా అతికించండి. వాటిలో పాత గొడుగు ఊచలు దూర్చి ఇసుకలో దిగగొట్టండి. నీళ్లు పెరిగితే ప్లాట్‌ఫాం ఊచల వెంట జారుతూ పైకి పోవాలి. అసలు దాంట్లో కాళ్ల పొడవు 90 అడుగుల దగ్గర. మోటార్లు, వించ్‌లు ప్లాట్‌ఫాంను కాళ్ల మీద ఎక్కించి దించేవి. సముద్రం అడుగు తవ్వే డ్రెడ్జర్లకు ఉండే కాళ్ల నుంచి ఈ ఆలోచన వచ్చింది. గొట్టాల్లో ఊచలు బిగుసుకుంటే కొవ్వొత్తి రుద్దండి.

రోడ్డు దగ్గర పిల్లలందరూ ఫెవికాల్ డబ్బా తీస్తారు. తీయనివ్వకండి. ఈ రోడ్డు గట్టిగా ఉండకూడదు, మెలి తిరగాలి. అల వచ్చినప్పుడు ఒక బీటిల్ ఒకవైపు ఒరుగుతుంది, పక్కది ఇంకోవైపు. మధ్యలో ఉన్న వంతెన బిగుసుకుని ఉంటే విరుగుతుంది. అలన్ బెకెట్ అనే ఇంజనీరు డిజైన్ గొప్పదనం ఇక్కడే ఉంది. స్కాట్లండ్‌లో గార్లీస్టన్ దగ్గర మూడు రకాల డిజైన్లు సముద్రంలో పెట్టి చూస్తే, గాలివానకు నిలబడింది ఇదే. రెండు ఐస్‌క్రీం పుల్లలను అంచు మీద నిలబెట్టి, మధ్య ఒకటిన్నర సెంటీమీటర్ల దూరంలో, అడ్డంగా అగ్గిపుల్లలను దారంతో వదులుగా కట్టండి. రెండు చివరలు పట్టుకుని మెలితిప్పితే తిరగాలి, వదిలితే మామూలుగా కావాలి. ముక్కకూ ముక్కకూ మధ్య సైకిల్ ట్యూబు నుంచి కోసిన సన్న పట్టీ కట్టండి. స్పడ్ లేచి దిగుతుంటే రోడ్డు పొడవు కొంచెం మారుతుంది. అందుకని స్పడ్ వైపు చివరి ముక్కను కట్టేయకుండా, ప్లాట్‌ఫాం మీద జారేలా వదిలేయండి. అసలు రోడ్డులోనూ ఇందుకోసమే ఒకదాంట్లోకి ఒకటి జారే వంతెన ముక్కలు పెట్టారు.

బీటిల్స్‌కి మింట్ బిళ్లల చిన్న ప్లాస్టిక్ డబ్బాలు సరిగ్గా సరిపోతాయి. లోపల ఇసుక పోసి, సగం మునిగేలా సరిచూసి, మూతకు టేపు వేయండి. థర్మాకోల్ ముక్కలు పెడితే నీటి పైన ఎగురుతూ ఉంటాయి, అలకు ప్రతిసారీ గంతేస్తాయి. ఒడ్డు దగ్గర బీటిల్స్ ఆటుకు ఇసుక మీద కూర్చుంటాయి, అది తప్పేమీ కాదు. అసలు బీటిల్స్ ఎక్కువగా కాంక్రీటువే గానీ, రాళ్ల మీద కూర్చోవలసిన చోట స్టీలువి పెట్టారు.

రోడ్డు మీద బొమ్మ కారు నడపాలని ఎవరో ఒకరు ఇనుప కారు తెస్తారు. అప్పుడు ఆ 80 లక్షలను మళ్లీ గుర్తు చేయండి. 25 టన్నుల బండి ఈ స్కేలులో 3 గ్రాములే, దాదాపు ఒక రూపాయి బిళ్ల. ముప్పై గ్రాముల బొమ్మ కారు అంటే 240 టన్నులు. ఏ రోడ్డూ ఆగదు. అట్టతో ట్యాంకు చేసి రూపాయి బిళ్ల అతికించండి.

లంగర్లు రెండు రకాలు చేయండి, ఎందుకంటే అసలు ప్రయోగం ఇదే. ఒక రకం దారానికి కట్టిన గులకరాయి. రెండోది కూల్‌డ్రింక్ టిన్ను రేకుతో చేసిన చిన్న త్రికోణం. దాన్ని లాగే కొద్దీ ముక్కు ఇసుకలోకి దిగేలా వంచి దారం కట్టాలి. బెకెట్ చేసిన కైట్ లంగరు పనిచేసేది ఇలాగే, లాగినకొద్దీ లోతుకు పోతుంది. ముందుగా ఇసుకలో చేత్తో లాగి చూసుకోండి, దారం కట్టే చోటు కొంచెం మార్చినా తేడా వస్తుంది. రోడ్డులో సగం బీటిల్స్‌కి ఇవి, సగానికి రాళ్లు కట్టండి.

ఇప్పుడు తుఫాను. లోతు వైపు చివర ఒక పలక నిలబెట్టి, పైఅంచు పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపాలి. ఎంత వేగంగా అనేదానికీ లెక్కుంది. ఇలాంటి మోడల్‌లో కాలం, స్కేలు వర్గమూలం ప్రకారం తగ్గుతుంది. 200కు వర్గమూలం సుమారు 14. సముద్రంలో ఆరేడు సెకన్లకు ఒక అల వస్తే, తొట్టిలో సెకనుకు రెండు రావాలి. మెల్లగా పెద్దగా ఊపితే అది తుఫాను కాదు, నీళ్లు ఒలకబోయడం. ముందు ఫీనిక్స్‌లు తీసేసి ఊపండి. తర్వాత పెట్టి ఊపండి. లోపలి కాగితపు పడవల సంగతి చూస్తే చాలు, మాటలు అక్కర్లేదు. 1943 ఆగస్టులో కెనడాలోని క్వెబెక్‌లో జరిగే యుద్ధ సమావేశానికి వెళ్తున్న క్వీన్ మేరీ ఓడలో, జె.డి. బెర్నాల్ అనే శాస్త్రవేత్త పెద్ద అధికారులకు ఇదే చూపించాడు. స్నానాల తొట్టిలో కాగితపు పడవలు వేసి, నీళ్లను కదిపి ముంచేశాడు. తర్వాత లైఫ్‌బెల్టు చుట్టూ పెట్టి కదిపితే పడవలు నిలిచాయి. మీరు చేసేది ఆ ప్రయోగమేనని పిల్లలకు చెప్పండి, వాళ్లకు గర్వంగా ఉంటుంది.

1944 జూన్ 19 నుంచి 22 దాకా వచ్చిన తుఫానులో ఒమాహా దగ్గరి మల్బరీ ఎ పనికిరాకుండా పోయింది. ఆరోమాంష్‌ది దెబ్బతిన్నా నిలిచింది. పాడైనదాని భాగాలతో దాన్ని బాగుచేశారు. ఎందుకు ఒకటి పోయి ఇంకోటి నిలిచిందని అడిగితే, ఒకే కారణం చెప్పవద్దని పిల్లలకు నేర్పండి. ఆరోమాంష్‌కు ముందున్న కాల్వడోస్ రాళ్లు కొంత అడ్డుకున్నాయి, ఒమాహా అలలకు ఎక్కువ తెరిచి ఉంది. లంగర్ల తేడా కూడా ఉంది. విడిగా తేలే స్టీలు అడ్డుగోడలు బాంబార్డన్‌లు గొలుసులు తెంపుకుని కొట్టుకొచ్చాయి.

ఇంకో ప్రశ్న మంచి జడ్జీ తప్పక వేస్తారు: ఇంత కష్టం అవసరమా అని. దీనికి నిజమే చెప్పించండి. మల్బరీ ఎ పోయాక అమెరికన్లు ఎల్‌ఎస్‌టీ అనే చదును అడుగు ఓడలను పోటుకు ఒడ్డెక్కించి, ఆటుకు ఇసుక మీద కూర్చోబెట్టి, సామాను దించి, మళ్లీ పోటుకు వెనక్కి తేల్చారు. అలా కూడా చాలా సామాను దిగింది. అయితే దాడికి ముందు అది పనిచేస్తుందని నమ్మి లక్షల మందిని పంపే ధైర్యం ఎవరూ చేయలేరు. ఫ్రాన్స్‌లోని షెర్‌బూర్ రేవు జూన్ చివర్లో చేతికి వచ్చేసరికి జర్మన్లు దాన్ని ధ్వంసం చేసి ఉంచారు. బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవు పనిలోకి వచ్చింది నవంబరు చివర్లో. మధ్య కాలంలో ఆరోమాంష్ పనిచేసింది. ఇలా రెండు వైపులా చెప్పిన పిల్లలకు నేనైతే మార్కులు ఎక్కువ వేస్తాను. టైం ఉంటే ఇంకోటి కూడా చెప్పించవచ్చు: 1953లో నెదర్లాండ్స్‌లో సముద్రం కట్టలు తెంచుకున్నప్పుడు, ఆవర్‌కెర్క్ దగ్గర చివరి గండిని నాలుగు ఫీనిక్స్ పెట్టెలు ముంచి పూడ్చారు. అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, వాటిలో మ్యూజియం నడుస్తోంది.

జిల్లా ఫెయిర్‌కు తీసుకెళ్లేటప్పుడు అన్నీ విడదీసి తీసుకెళ్లండి. ఫీనిక్స్‌లను గడ్డిలో పెట్టి అట్టపెట్టెలో, రోడ్డు ముక్కలను ఒకదానికొకటి కట్టినవి కట్టినట్టే పొడుగు పీవీసీ పైపులో పెట్టండి. లంగరు దారాలను ఒక్కో అట్టముక్కకు చుట్టి, ఏది ఏ బీటిల్‌దో రాయండి. లేకపోతే అక్కడ చిక్కులు తీయడంతోనే పొద్దు పోతుంది. ఇసుక మీరే సంచిలో తీసుకెళ్లండి. తొట్టికి నలభై లీటర్ల దాకా నీళ్లు, ఆపైన పోటుకు రెండు బకెట్లు కావాలి కాబట్టి, ముందు రోజే వెళ్లి కుళాయి ఎక్కడుందో చూసి, దాని దగ్గరి బల్ల అడగండి. పక్క స్టాల్‌లో కరెంటు మోడల్ ఉంటే మాత్రం ఆ చోటు వద్దని చెప్పండి.